సరళరేఖల వాలు, అంతరఖండం: మార్కులు ఎక్కడ పోతున్నాయి?

రాజాం_నాన్న:
మా అమ్మాయి ఎంపీసీ. ఈఏపీసెట్ మాక్ టెస్టుల్లో సరళరేఖల దగ్గరే దెబ్బ తింటోంది. వై = ఎంఎక్స్ + సి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఎం వాలు (ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుందో అది), సి వై-అంతరఖండం (గీత వై అక్షాన్ని తాకే చోటు), అదీ తెలుసు. తీరా 3ఎక్స్ + 4వై = 12 ఇచ్చి వాలెంత అంటే 3 అని పెట్టేస్తోంది. మీరు మీ పిల్లలకు ఎలా చెప్పారు? మెటీరియల్ ఏది కొనాలి? సెంటర్ విజయనగరంలోనే పడుతుందా, విశాఖ వెళ్లాలా?

టెక్కలి_కుర్రాడు:
అన్నా, వై ఒక్కటీ ఒక పక్కకి రాకముందే ఎక్స్ పక్కనున్న అంకె చదివేస్తోంది. 4వై = −3ఎక్స్ + 12. అంతా నాలుగుతో భాగించాలి. వై = −(3/4)ఎక్స్ + 3. వాలు −3/4, అంతరఖండం 3. ఆప్షన్లలో 3/4, −4/3 కూడా పెడతారు, చూసుకోమనండి.

లెక్కల_మాస్టారు_విజయనగరం:
చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఇదే చెబుతున్నాను. ఈ భాగించడాలు పరీక్ష హాల్లో అక్కర్లేదు. ఏఎక్స్ + బివై + సి = 0 అయితే వాలు −ఏ/బి. 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఒక్క చూపులో తేలే దానికి మూడు లైన్లు రాస్తూ కూర్చుంటే భౌతికశాస్త్రం ఎప్పుడు చేస్తారు? నా దగ్గర చదివినవాళ్లు ఇవాళ మంచి ఇంజినీర్లు.

చీపురుపల్లి_అమ్మ:
మాస్టారూ, ఆ బండ గుర్తే మా గుంటడి కొంప ముంచింది. 2ఎక్స్ − 5వై + 10 = 0. వాలు 2/5 అని సరిగ్గానే పెట్టాడు. అంతరఖండం 10 అని పెట్టాడు! రెండు చోట్లా సి అనే ఉంది కదా మరి. మీ సూత్రంలో సి వేరు, ఎంఎక్స్ + సి లో సి వేరు అని కోచింగ్‌లో ఒక్కరూ చెప్పలేదు. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు. ఎక్స్‌కి సున్నా పెడితే 5వై = 10, వై = 2. అంతరఖండం 2. ఇంట్లో కూర్చుని నేనే నేర్పుకున్నాను.

లెక్కల_మాస్టారు_విజయనగరం:
అంతరఖండానికి −సి/బి అని కూడా ఉందమ్మా. సగం నేర్చుకుని సూత్రాన్ని తిడితే ఎలా?

చీపురుపల్లి_అమ్మ:
సగమే చెప్పింది మీలాంటి మాస్టార్లే. పిల్లల్ని అనకండి.

నాగావళి_ఒడ్డున:
ఏటండీ ఈ గొడవ. కరెంటు బిల్లు చేతికివ్వండి, అదే అర్థమైపోద్ది. స్థిర చార్జీ సి, యూనిట్ రేటు ఎం, వాడిన యూనిట్లు ఎక్స్.

బొబ్బిలి_ట్రిపుల్ఈ:
ఈ ఉదాహరణ చెప్పి పిల్లల్ని పాడుచేయొద్దు. మన ఇళ్ల బిల్లు శ్లాబుల్లో వస్తుంది. యూనిట్లు పెరిగితే రేటు మారుతుంది, అంటే వాలు మారుతుంది. గీసి చూడండి, మధ్యలో వంగిపోతుంది.

నాగావళి_ఒడ్డున:
ఒక శ్లాబు వరకు తీసుకుంటే సరళరేఖే కదా. ప్రతిదానికీ అడ్డు తగలడమేనా?

బొబ్బిలి_ట్రిపుల్ఈ:
వాలు వరకు ఒప్పుకుంటా. అంతరఖండం మాత్రం తప్పిపోతుంది. లెక్క కోసం మొదటి 30 యూనిట్లు రెండేసి రూపాయలు, ఆపైన మూడేసి అనుకోండి, స్థిర చార్జీ వదిలేయండి. 40 యూనిట్లకు 60 + 30 = 90. రెండో ముక్క సమీకరణం వై = 3ఎక్స్ − 30. స్థిర చార్జీ సున్నా అయినా అంతరఖండం −30 వచ్చింది. మీ మాట నమ్మిన పిల్ల దీన్ని ఏమని చదవాలి?

ఆమదాలవలస_రోడ్డు:
శ్లాబు అంటే గుర్తొచ్చింది, మా వీధిలో రీడింగ్ ఆలస్యంగా తీస్తున్నారు. పై శ్లాబులో పడిపోతున్నాం. మీ ఊళ్లోనూ ఇంతేనా?

రాజాం_నాన్న:
అయ్యా, బిల్లుల సంగతి వేరే చోట మాట్లాడుకోండి. పరీక్ష దగ్గర పడుతోంది, ఇక్కడ నాకు టెన్షన్.

పలాస_టు_డల్లాస్:
మా వాడు శాట్ రాశాడు, ఇక్కడ అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష. గణితం 44 ప్రశ్నలు, 70 నిమిషాలు. తెర మీదే డెస్మోస్ అనే గ్రాఫు గీసే కాలిక్యులేటర్ ఉంటుంది. సమీకరణం కొడితే గీత కనబడుతుంది, అంతరఖండం దగ్గర చుక్క కూడా పడుతుంది. మీ అమ్మాయికీ అదే అలవాటు చేయండి.

టెక్కలి_కుర్రాడు:
బాబాయ్, ఈఏపీసెట్‌కి కాలిక్యులేటరే తీసుకెళ్లనివ్వరు. డల్లాస్ సలహాలు రాజాంలో పనికిరావు.

పలాస_టు_డల్లాస్:
కోపమెందుకు బాబూ, ఇంట్లో గీత చూసుకోవడానికి చెప్పాను. అసలు సమీకరణమే ఇవ్వకుండా పట్టిక ఇస్తే ఏం చేస్తుంది? ఎక్స్ 2 అయితే వై 7, ఎక్స్ 5 అయితే వై 16. వై పెరిగింది 9, ఎక్స్ పెరిగింది 3, వాలు 3. మొదటి జత వేస్తే 7 = 6 + సి, సి = 1. రెండో జత వేసి సరిచూసుకోవాలి: 15 + 1 = 16. మా వాడితో ఇవే ఎక్కువ చేయించాను, శాట్‌లో భయం లేకుండా రాశాడు.

రాజాం_నాన్న:
ఇది అమ్మాయికి ఇప్పుడే చూపించాను, వెంటనే పట్టేసింది. ఇంకొకటి అడుగుతోంది. ఎక్స్ = 5 ని ఎంఎక్స్ + సి లోకి ఎలా మార్చాలి?

లెక్కల_మాస్టారు_విజయనగరం:
మారదు. అది నిలువు గీత, వాలు నిర్వచితం కాదు, వై అక్షాన్ని ఎక్కడా తాకదు. దానికి లంబరేఖ అడిగితే వాలుల లబ్ధం −1 అని మొదలుపెట్టొద్దని చెప్పండి. అడ్డగీత రాయాలి. (2, 7) గుండా అంటే వై = 7.