టంకంబు లేడునూర్లా, సుంకంబు నేడునూర్లా?

నాగావళి, రాయగడ:
శ్రీనాథుడి చివరి రోజుల చాటుపద్యం, “కవిరాజు కంఠంబు” సీసం. బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టి, పంట కృష్ణ (కృష్ణవేణమ్మ) పాలై, కట్టాల్సింది కట్టలేక శిక్ష పడ్డప్పటిది. దాని ఎత్తుగీతి (సీసం చివర వచ్చే చిన్న పద్యం) ఆఖరి పాదం నన్ను పట్టుకుని వదలడం లేదు. నా నోటికి “ఎట్లు చెల్లింతు టంకంబు లేడు నూర్లు” అని వస్తుంది, టంకమంటే నాణెం. మా మేనల్లుడు “సుంకంబు నేడు నూర్లు” అంటాడు.

ఇప్పుడే ఎందుకంటే, ఇక్కడి మనవాళ్ళు కొందరు షేర్ల లెక్కలు తెలుగులో చెప్పమన్నారు. ఒక బీమా కంపెనీ వార్షిక నివేదిక ముందు పెట్టుకుని రాస్తున్నాను. క్యాష్ ఫ్లోలో పైన పాలసీదారుల క్లెయిములకు ఇచ్చిన డబ్బు, కింద తెచ్చిన అప్పు తిరిగి కట్టిన డబ్బు ఉన్నాయి. నేను రెండుచోట్లా “చెల్లింపు” అనే రాశాను. మావాడు రెండూ కలిపి కూడేసి “ఇంత బాకీ ఉన్న కంపెనీ షేరు మనకెందుకు మావయ్యా” అన్నాడు. అప్పుడు శ్రీనాథుడు గుర్తొచ్చాడు. ఆయన చెల్లించలేకపోయింది అప్పా, పన్నా? టంకమో సుంకమో తేలితే అదీ తేలుతుందని ఆశ.

వంశధార, గుణుపురం:
టంకంబులే. “ఏడు నూర్లు” అన్న బహువచనానికి “టంకంబులు” అతికినట్టు సరిపోతుంది. పైగా “దీనారటంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల” అన్నది ఎవరు? ఈయనే కదా. టంకాలతో స్నానమాడిన మనిషి ఏడు వందల టంకాలకు వీధిలో నిలబడ్డాడు. సుంకం అని మార్చారో, ఆ గుండెకోత అంతా పోతుంది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
మాస్టారూ, మనసుకు నచ్చింది పాఠం అయిపోదు. తేటగీతి కాబట్టి నాలుగో గణం మొదటి అక్షరం మీద యతి, అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. పై పాదంతో సంధి కలిసి “నెట్లు” మొదలు, “నేడు” నాలుగో గణం. నె, నే. హల్లూ కలిసింది, అచ్చూ కలిసింది. మీ పాఠంలో నె, లే. ఎక్కడి మైత్రి?

వంశధార, గుణుపురం:
స్వరయతి, అచ్చుకు అచ్చు పొసగడం. “మోసపోతిని + ఎట్లు”, అందులో న క్రియది. “టంకంబులు + ఏడు”, అందులో ల బహువచనానిది. సంధి విప్పితే ఎ, ఏ మిగులుతాయి. శ్రీనాథుడికి ఇది మనం నేర్పాలా? ఇక మీ సుంకం సంగతి. “సుంకంబు + ఏడు” ఉకారసంధితో “సుంకంబేడు” అవుతుంది, గణం కూలిపోతుంది. నిలబెట్టడానికి ద్రుతం (చివరి నకారం) తెచ్చి “సుంకంబున్” అనాలి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
ద్రుతం తేవడం ఏమిటి, ద్వితీయా విభక్తి కాబట్టి ఉండి తీరుతుంది. చెల్లించేది దేన్ని? సుంకంబును. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి ఇంతమాత్రం అడగకపోతే ఎలా?

తంపర, ఛత్రపురం:
పెద్దలు ఏమీ అనుకోకండి. నేను బడిలో “నేడు నూర్లు” అంటే “ఇవాళ వందలకొద్దీ సుంకం ఎలా కట్టను” అనుకున్నాను. ఏడు అని ఇప్పుడే తెలిసింది.

వంశధార, గుణుపురం:
చూశారా నాయనా, ఆ “నే” ఎంత పని చేసిందో! అంకెనే మింగేసింది. పాడితే చెవికి చేరని పాఠం చాటువుకు పనికిరాదు.

కొలాబ్, జయపురం:
నాగావళి గారు అడిగినదాన్ని అందరూ దాటిపోయారు. నాకు ఛందస్సు రాదు, బీమా లెక్కలు చూడటం నా పని, కాబట్టి ఆ మేరకు చెబుతాను.

కృష్ణవేణమ్మ కొనిపోయిన పంటకు ఎవరైనా పరిహారం ఇస్తే అది క్లెయిము. పొలం గుత్తకు రాజుకు అచ్చుకోవాల్సింది బాకీ. బీమా కంపెనీకి క్లెయిములు కట్టడమే వ్యాపారం, అవి నిర్వహణ పద్దులో వస్తాయి. అప్పు తీర్చడం ఫైనాన్సింగ్ పద్దులో వస్తుంది. పాలసీదారుల నిధి ఎంత పెద్దదైనా దాన్ని అప్పు అని చూపి, ఫ్యాక్టరీకి వేసినట్టు అప్పు–ఈక్విటీ నిష్పత్తి వేస్తే తప్పుడు అంకె వస్తుంది. చూడాల్సిన అప్పు బారోయింగ్స్ (తెచ్చిన అప్పులు) అన్న వరుసలోనే ఉంటుంది.

ఇంకో సంగతి. అప్పు అసలు మొత్తాన్ని తీర్చినప్పుడు లాభనష్టాల ఖాతాలో ఏమీ పడదు, అక్కడ పడేది వడ్డీ ఒక్కటే. నగదు తగ్గుతుంది, అప్పూ అంతే తగ్గుతుంది, నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే సొంత ఆస్తి) కదలదు. మామూలు కంపెనీ అయితే అప్పు తీరింది, మంచిదే అనుకుని వదిలేస్తాం. బీమా కంపెనీ దగ్గర అలా వదలకూడదు. మన దేశంలో సాల్వెన్సీ (ఉండాల్సిన మిగులు మూలధనంలో ఉన్నది ఎంత శాతమో చెప్పే అంకె) 150 శాతానికి తగ్గకూడదు. ఈ కంపెనీలు తెచ్చే సబార్డినేటెడ్ అప్పును (మిగతా బాకీలు తీరాకే తీర్చేదాన్ని) ఆ లెక్కలో ఒక పరిమితి వరకు మూలధనంగా కలుపుకోనిస్తారు. అంటే దాన్ని తీర్చిన రోజున సాల్వెన్సీ తగ్గుతుంది! గడువుకు ముందు చివరి ఐదేళ్ళలో ఆ అప్పును కొంచెం కొంచెంగా తగ్గించి లెక్కలోకి తీసుకుంటారు. అందుకే గడువు నాటికి తీర్చిన అప్పు దెబ్బ ముందే పడి ఉంటుంది. పదేళ్ళ బాండును ఐదో ఏడు కాల్ ఆప్షన్ (గడువుకు ముందే తీర్చే హక్కు) వాడి తీర్చేస్తే మాత్రం దెబ్బంతా ఒక్కసారే పడుతుంది. అప్పుడు కొత్త బాండు తెచ్చారా, లాభాల్లోంచి కట్టారా, ప్రమోటర్లు కొత్త మూలధనం పెట్టారా అన్నది నోట్స్‌లో వెతకాలి. షేరు కొనేవాడికి అక్కడే అసలు విషయం ఉంటుంది.

నాగావళి, రాయగడ:
కొలాబ్ గారూ, మీరు చెప్పినది అలాగే పాఠంలో పెడతాను. పైన “క్లెయిముల పంపిణీ”, కింద “అప్పు తీర్పు” అని మారుద్దామా అనుకుంటున్నాను. కానీ “తీర్పు” అంటే కోర్టు గుర్తొస్తుంది. “తీరువ” అంటే మళ్ళీ సుంకమే.

కొలాబ్, జయపురం:
“అప్పు తీర్చినది” అని క్రియగానే రాయండి. బ్యాంకు కౌంటర్ దగ్గర ఏ రైతూ “రుణ చెల్లింపు చేశాను” అనడు, “అప్పు తీర్చేశాను” అంటాడు. క్లెయిముకు “ఇచ్చినది” చాలు.

ఋషికుల్య, బరంపురం:
మీరందరూ ఆఖరి పాదం మీదే ఉన్నారు. సీసం మళ్ళీ చదవండి. పురవీధిలో ఎదురెండ, మెడలో పొగడదండ, భుజం మీద నల్లగుండు, కాళ్ళకు నిగళాలు (సంకెళ్ళు), ముంజేతికి వెదురుగొడియ. ఒక్కో శిక్షకూ ఒక్కో బిరుదు కట్టాడు మహానుభావుడు. కవిరాజు, సార్వభౌముడు, ఆంధ్రనైషధకర్త, వీరభద్రారెడ్డి విద్వాంసుడు. తన పరువు మొత్తం జాబితా రాసి పక్కన శిక్షలు వేసుకున్నాడు. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. మామూలు చేబదులుకు ఇంత శిక్ష వేస్తారా? రాజుకు రావాల్సిన డబ్బు కాబట్టే నల్లగుండు. నా ఓటు సుంకానికి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
అక్కా, బాగా పట్టారు. దానికి నా మాట ఒకటి చేర్చనివ్వండి. ఆ రాజెవరు? రెడ్ల రాజ్యాలు పోయాకే ఈ గతి పట్టింది. కపిలేంద్ర గజపతి 1454లో కొండవీడు పట్టుకున్నాడు. సుంకం అడిగింది మన కటకం గజపతుల మనుషులే. తెలుగు కవిని ఎరగని కొత్త అధికారులు.

ఋషికుల్య, బరంపురం:
తమ్ముడూ, పద్యంలో గజపతి పేరు ఉందా? లేదు. వీరభద్రారెడ్డి పేరు ఉంది, కృష్ణ ఉంది, బొడ్డుపల్లె ఉంది. నువ్వు పర్లాకిమిడి వాడివి కాబట్టి ప్రతి కథా మీ ఊరి మీదుగా నడిపిస్తావు. శిక్ష రాజు డబ్బుకే అన్నాను, ఏ రాజన్నది అనలేదు.

వంశధార, గుణుపురం:
అమ్మా, రాజు డబ్బయినా టంకాల్లోనే కదా కట్టేది. టంకం అంటే నాణెం. దేనికి కట్టాలో చెప్పదు, ఎంతో చెబుతుంది. “బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి” అని కారణం ముందే చెప్పేశాడు, ఇక సుంకం అని మళ్ళీ చెప్పడం ఎందుకు? శ్రీనాథుడు మాట వృథా చేయడు.

కొలాబ్, జయపురం:
ఇది నాకు నచ్చింది మాస్టారూ. మా స్టేట్‌మెంట్లలోనూ అంతే. అంకె ఒక వరుసలో ఉంటుంది, అది దేనికన్నది పై వరుసలో ఉంటుంది. నాగావళి గారి మేనల్లుడు పై వరుస చదవకుండా అంకె కూడాడు.

తంపర, ఛత్రపురం:
గొడ్డేఱి అంటే ఏమిటండీ? గొడ్డుభూమిని ఏరి కోరి గుత్తకు తీసుకున్నాడనా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
కాదు. ఏరువాకలో ఉన్న ఏరు అది, నాగలి. గొడ్డు నేలలో నాగలి కట్టి మోసపోయానంటున్నాడు.

వంశధార, గుణుపురం:
నాగలి అయితే “ఏరి” అన్న ఇకారం ఎక్కడిది? పైగా శకటరేఫం (ఱ). ఏరుకోవడమే. నువ్వు ముందు ఈ ఇకారానికి జవాబు చెప్పు, నీ సుంకం సంగతి తర్వాత చూద్దాం.