ఘంటసాల రత్నకుమార్ గారి గురించి, డబ్బింగ్ పని గురించి: మీ అనుభవాలు రాయండి

వడపళని_వాసి:
నిన్న టీవీలో తమిళం నుంచి డబ్బింగ్ అయిన ‘వీరుడొక్కడే’ సినిమా వేశారు. మాటలు ఎవరివా అని వెతికితే ఘంటసాల రత్నకుమార్ గారివని తెలిసింది. ఘంటసాల మాస్టారి అబ్బాయి, డబ్బింగ్ ఆర్టిస్టు అని తెలుసు గానీ మాటలు కూడా రాశారని ఇన్నాళ్ళూ తెలీదు. వెయ్యికి పైగా సినిమాలు, వేలాది సీరియల్ ఎపిసోడ్లు చెప్పిన గొంతు అది. ఎనిమిది గంటలు ఏకధాటిగా డబ్బింగ్ చెప్పి రికార్డు కూడా సాధించారు. 2021 జూన్ 10న చెన్నైలో పోయారు. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి, రాసేవాళ్ళే గొంతు కూడా ఇస్తే తేడా ఉంటుందా?

మైక్_ముందు:
చాలా ఉంటుందండీ. నేను పదిహేనేళ్ళుగా తమిళ సీరియల్స్‌కి తెలుగు చెప్తున్నాను, ఈమధ్య కొంచెం రాస్తున్నాను కూడా. ఒక్క ముక్క చెప్తాను. క్లోజప్‌లో అమ్మాయి తండ్రితో ‘అప్పా, సొల్లుంగ’ అంటుంది. ‘నాన్నా, చెప్పండి’ అని రాస్తే అర్థం సరిపోయింది, కానీ ‘ప్పా’ దగ్గర పెదాలు మూసుకున్నప్పుడు మనకి ‘న్నా’ వినిపిస్తుంది. చూసేవాళ్ళకి ఎక్కడో తేడా కొడుతుంది. అదే ‘చెప్పండి నాన్నా’ అని తిప్పితే? ‘ప్ప’ సరిగ్గా అక్కడే పడుతుంది, అక్షరాలూ అటూ ఇటూ ఐదే. ప, బ, మ వచ్చిన ప్రతిచోటా ఇదే తంటా. మైక్ ముందు నిలబడి ఆ తంటా పడినవాడికి కాగితం మీదే అది కనిపించేస్తుంది. కెమెరా వీపు వైపు ఉంటే ఈ గొడవే లేదు, హాయిగా రాసుకోవచ్చు.

పద్మ_అమలాపురం:
అబ్బ, భలే చెప్పారు అన్నయ్యా! నేను రెండేళ్ళు గుంపు గొంతులకి వెళ్ళాను. పెళ్ళి సీన్‌లో గోల, సంతలో బేరాలు, చావింట్లో ఏడుపులు. ఒకరోజు పొద్దుట్నుంచి ఏడుపులే. ఇంటికెళ్ళి అమ్మతో మాట్లాడబోతే గొంతు పెగల్లేదు. మిరియాల పాలు తాగి పడుకున్నాను. ఒక సంస్థ ఆ డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదు. అలాంటిది ఎనిమిది గంటలు ఆపకుండా చెప్పడమంటే ఆయన గొంతుకి దండం పెట్టాలి.

పాత_లూప్:
అమ్మా పద్మా, మా రోజుల్లో రీలు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మళ్ళీ మళ్ళీ తిరిగేలా చుట్టగా అతికి లూపులు కట్టేవారు. సీన్‌లో ఉన్నవాళ్ళందరం ఒకే మైక్ చుట్టూ నిలబడేవాళ్ళం. ఒకరు తడబడితే లూప్ మళ్ళీ మొదలు. ఎంత టెన్షనో! ఇప్పుడు ఎవరి ట్రాక్ వాళ్ళది, ఒక్కొక్కరి గొంతు విడిగా రికార్డు చేస్తారు. ఎదుటివాడి గొంతు వినకుండానే అతనితో పోట్లాడాలి. ఇది ఇంకా కష్టమని నా అభిప్రాయం.

వడపళని_వాసి:
‘అరుంధతి’లో సోనూ సూద్‌కి చెప్పాక రవిశంకర్ గారిని ‘బొమ్మాళి’ రవిశంకర్ అని జనం గుర్తుపట్టారు. అలాంటి ఒక్క మాట రత్నకుమార్ గారికీ పడి ఉంటే బాగుండేది. ‘ఆట ఆరంభం’ అనే తమిళ డబ్బింగ్ సినిమాకి కూడా రత్నకుమార్ గారే మాటలు రాశారు.

మైక్_ముందు:
అయితే ఈ ఆదివారం ‘ఆట ఆరంభం’ పెట్టుకుని పెదాలే చూస్తాను. క్లోజప్‌లలో మాట ఎక్కడెక్కడ తిప్పారో రాసుకొచ్చి ఇక్కడ పెడతాను.