ఆదివారం ఫోన్లో "బాగానే ఉన్నా" అంటాడు, నమ్మాలా?

బైపీసీ అమ్మ, ఒంగోలు
మావాడు ఇంటర్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటాడు. వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని దసరా తర్వాత కింది సెక్షన్లో వేశారు. అప్పట్నుంచీ ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. మొన్న ఔటింగ్‌లో బిర్యానీ సగం వదిలేశాడు. వదిలే రకం కాదు వాడు. మీరైతే ఏం చేస్తారు?

పాత హాస్టలర్
అక్కా, ఆ ఫోను వార్డెన్ పక్కనే ఉంటుంది, వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు. ఎవడు మాత్రం ఏం చెప్తాడు? నన్నూ అలాగే దించారు. మార్కుల సంగతి అటుంచండి, మెస్సులో పాత ఫ్రెండ్స్ పక్కన కూర్చోడానికి మొహం చెల్లేది కాదు. ఒక ఆదివారం మా నాన్న మార్కుల ఊసెత్తకుండా మా గేదె ఈనిందని చెప్పాడు. అంతే, ఏడుపాగలేదు.

ఎంపీసీ నాన్న
మా పాప కాలేజీలో "కౌన్సెలర్" అని బోర్డుంది, లోపల కూర్చునేది లెక్కల లెక్చరర్. పాప చెప్పుకున్నదంతా సాయంత్రానికి డీన్ దగ్గరికి చేరింది. ఇంకెప్పుడైనా నోరు విప్పుతుందా? విశాఖలో నీట్ చదివే అమ్మాయి మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది: 100 మంది, అంతకు పైగా పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంత వరకు మానాలి. పేరెంట్స్ మీటింగులో ఇదే అడిగాను. టీ ఇచ్చి పంపారు.

సర్కారు బడి టీచర్
హాస్టళ్లలోనే కాదండీ. మా పదో తరగతి పిల్ల ఒకతి వారానికి రెండుసార్లు కడుపునొప్పి అనేది. క్లాసులో అందరి ముందూ "ఏమైందే" అని గద్దించాను, నాదే తప్పు. తర్వాత మధ్యాహ్న భోజనం దగ్గర పక్కన కూర్చుంటే, ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారని చెప్పింది. నొప్పి అక్కడుంది!

మంచిర్యాల
2019లో మా జిల్లా అమ్మాయికి ఇంటర్ తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99! ఆ మార్కుల మెమోనా పిల్లల విలువ తేల్చేది?
అమ్మా, 14416కి చేయండి. టెలీమానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే, ఏ వేళైనా. మా తమ్ముడి కోసం నేను చేశాను. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగమన్నారు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదన్నారు. అడిగాను. చాలాసేపటికి "అప్పుడప్పుడు" అన్నాడు. ఆ రాత్రి వాడి పక్కనే పడుకున్నాను, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

బైపీసీ అమ్మ, ఒంగోలు
ఆదివారం దాకా ఆగలేక ఈరోజే వెళ్లాను. మంచిర్యాల చెప్పినట్టే అడిగాను. అలాంటిదేం లేదమ్మా, నిద్ర పట్టట్లేదు అన్నాడు. వారం రోజులకి ఇంటికి తీసుకొస్తున్నాను. "సిలబస్ పోతుందమ్మా" అన్నారు కాలేజీ ఆఫీసు చూసే ఏవో గారు. పోనీండి అన్నాను. బస్సులో నా భుజం మీద నిద్రపోతున్నాడు.