ప్రోస్టేట్ క్యాన్సర్ తిరగబెట్టింది: కరెంటుతో పాటు ల్యుటీషియం కూడా ఇప్పించాలా?

ఒంగోలు_అబ్బాయి:
మా బాబాయికి 68 ఏళ్లు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యి చాలా కాలమైంది. ఇప్పుడు రక్తపరీక్షలో పీఎస్ఏ (ఈ జబ్బుని పట్టిచ్చే ప్రోటీన్) పెరిగితే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ తీశారు. పీఎస్ఎంఏ అంటే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే ఇంకో ప్రోటీన్, అది ఎక్కడుందో ఈ స్కాన్ చూపిస్తుంది. మూడు చుక్కలు కనపడ్డాయి, రెండు ఎముకల్లో, ఒకటి లింఫ్ గ్రంథిలో. ఆ మూడింటికీ ఎస్‌బీఆర్‌టీ చేద్దామన్నారు డాక్టరుగారు. అంటే గురిచూసి, కొద్ది సిట్టింగుల్లోనే ఎక్కువ డోసుతో కరెంటు పెట్టడం. అమెరికాలో ఉన్న మా అన్నయ్యేమో లూనార్ ట్రయల్ పట్టుకొచ్చాడు. ఇలా ఒకటి నుంచి ఐదు చుక్కలున్న 92 మందిని తీసుకుని, సగం మందికి ముందు రెండు డోసులు ల్యుటీషియం అనే రేడియోధార్మిక మందు ఎక్కించి, తర్వాత కరెంటు పెట్టారు. జబ్బు ముదరకుండా గడిచిన కాలం, మీడియన్ లెక్కన, ఉత్త కరెంటుతో 7.4 నెలలైతే రెండూ కలిపితే 17.6 నెలలు. "అదీ ఇమ్మని అడుగు" అని అన్నయ్య పట్టు. ఇంట్లో ఒకటే టెన్షన్. అడగమంటారా?

కృష్ణలంక:
తప్పకుండా అడగండి. స్కాన్‌లో కనపడేవి ఓ మోస్తరు సైజుకు పెరిగినవే. పైకి కనపడిన కలుపు పీకేస్తే నేలలో ఉన్న గింజలు పోతాయా? కరెంటు చూసినచోటే కొడుతుంది. ల్యుటీషియం-177 మందు రక్తంలో తిరిగి, పీఎస్ఎంఏ ఉన్న కణాన్ని వెతికి పట్టుకుంటుంది. దాని బీటా కిరణాలు మహా అయితే రెండు మిల్లీమీటర్లు పోతాయి. కనపడని వాటికి అంతకంటే ఏం కావాలి?

రేడియేషన్_గది:
ఆ విభాగంలోనే పనిచేస్తాను కాబట్టి కాస్త చేదుగా చెప్తా. సరిగ్గా ఇదే లాజిక్‌తో రేడియం-223 అనే ఇంకో రేడియోధార్మిక మందుని ఎస్‌బీఆర్‌టీకి కలిపి రావెన్స్ అనే ట్రయల్ చేశారు, 64 మందితో. లాభం లేదు. రేడియం ఎముకకే అతుక్కుంటుంది, ల్యుటీషియం అలా కాదు, ఒప్పుకుంటా. కానీ ఇదే రేడియంని అబిరాటెరోన్ అనే, హార్మోన్‌ని అణిచే మాత్రలకు కలిపిన ఇంకో పెద్ద ట్రయల్‌లో ఎముకలు విరగడం పెరిగింది. కాగితం మీద కుదిరిన జోడీలన్నీ ఒంట్లో కుదరవు. పైగా 17.6 నెలలంటే జబ్బు ఆలస్యంగా ముదిరిందనే గానీ, మనిషి ఎక్కువ కాలం బతికాడని కాదు. అది తేల్చడానికి 92 మంది చాలరు.

మాధవి_డాలస్:
బతుకు లెక్క ఒక్కటేనా అండీ? జబ్బు మళ్లీ కదిలిందంటే తర్వాతది హార్మోన్ ఇంజెక్షనే. మా మామగారికి నడుస్తోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటతో తడిసిపోతారు. మెట్లెక్కే ఆయన ఇప్పుడు కుర్చీ వదలరు. ఆ ఇంజెక్షన్ ఏడాది వెనక్కి జరిగితే చాలని మొక్కుకునే ఇళ్లున్నాయి. లూనార్‌లో అది కూడా వెనక్కి జరిగింది, చూశారా?

రేడియేషన్_గది:
చూశానండీ, ఆ ట్రయల్‌లో నాకు నచ్చింది కూడా అదే. కానీ పీఎస్ఎంఏ లాలాజల గ్రంథుల్లోనూ ఉంటుంది, అందుకే కొందరికి నోరు పిడచకట్టుకుపోతుంది. మూలుగ మీదా, కిడ్నీల మీదా కూడా భారం పడుతుంది. ఈ రకం మందు ఆయుష్షు పెంచుతుందని విజన్ ట్రయల్‌లో తేలింది, 11.3 నెలలు 15.3 అయ్యాయి. అయితే వాళ్లు హార్మోన్లూ కీమో కూడా అయిపోయినవాళ్లు. మూడు చుక్కలతో ఇంకా చాలా ఏళ్లు ముందున్న మనిషి లెక్క వేరు. ఇంకో సంగతి: లూనార్‌లో వాడింది పీఎన్‌టీ2002. మార్కెట్లో ఉన్న ల్యుటీషియం మందు పీఎస్ఎంఏ-617, ఇదీ అదీ ఒకటే మందు కాదు.

మాధవి_డాలస్:
పెద్ద ట్రయల్ తేలేదాకా ఆగమంటే 68 ఏళ్లాయనకి అంత తీరిక ఉంటుందా?

రేడియేషన్_గది:
కరెంటుకి ఆగమనలేదుగా, అది ఇప్పుడే పెట్టించుకోమనండి. ఎస్‌బీఆర్‌టీ అయ్యాక ల్యుటీషియం ఇస్తే ఎలా ఉంటుందో చూసే మూడో దశ ట్రయల్, పీఎస్ఎంఏ-డీసీ, ఉంది. అందులో చోటుంటే నేనే చేర్పిస్తా. ట్రయల్ బయట ఇవ్వడమే నాకు భయం. మన దేశంలో ట్రాంబే రియాక్టర్‌లో ల్యుటీషియం తయారవుతుంది, అమెరికాతో పోలిస్తే బాగా చవక. దొరుకుతోంది కదా అని ఎక్కించేయడం ఇక్కడ తేలిక.

కృష్ణలంక:
చవక అనేది కూడా తప్పేనా సార్! స్తోమత లేనివాడికి అదొక్కటేగా ఉన్నది.

ఒంగోలు_అబ్బాయి:
బాబాయికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) 1.6 ఉంది, అది చెప్పడం మర్చిపోయా.

రేడియేషన్_గది:
అది ముందు చెప్పాల్సింది. ఈ మందు బయటికి పోయేది కిడ్నీల గుండానే. న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లు ఆ రిపోర్టు చూశాకే మిగతా మాట. అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి కేసు చూసే ట్యూమర్ బోర్డులో పెట్టించమని మీ డాక్టరుగారిని అడగండి.