రైతుల చర్చావేదిక (పేర్లు సభ్యులు పెట్టుకున్నవి): జీవ పురుగుమందులను నమ్ముకుని పంట వేయవచ్చా?

మిరపచేను: నిరుడు బీటీ పొడి, అదే పురుగులను చంపే బ్యాక్టీరియా మందు, కొట్టాను. మర్నాడు చూస్తే పురుగులు ఆకుల మీదే ఉన్నాయి. రసాయన మందు కొట్టక తప్పలేదు. ఈ జీవ మందులన్నీ మాటల గారడీ.

వేపగింజ: బీటీ తాకితే చంపే మందు కాదండీ, పురుగు తినాలి. దాని పేగులోని క్షారగుణానికి బీటీ స్ఫటికాలు కరిగి పేగు గోడకు చిల్లులు పొడుస్తాయి. కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఆకు మీద పురుగు ఉందా అని కాదు, కొత్త చిల్లు పడిందా, తాజా రెట్ట ఉందా అని చూడాలి. ఎండలో కొట్టారేమో, అతినీలలోహిత కిరణాలకు అది త్వరగా పాడవుతుంది.

మిరపచేను: పొద్దువాలాకే కొట్టాను.

వేపగింజ: పురుగు వయసు చెప్పలేదు. ముదిరిన పురుగు ఒక పట్టాన లొంగదు.

మిరపచేను: పురుగుల పుట్టినరోజులు రాసుకునే తీరిక నాకు లేదు.

కొత్తసభ్యుడు: తెగుళ్లకు వాడే జీవ మందు ట్రైకోడెర్మాను రాగి మందుతో కలిపి వాడవచ్చా?

వేపగింజ: వద్దు. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే, రాగి మందు శిలీంద్రాలను చంపేది.

గట్టుమీద: బీటీకీ పురుగులు అలవాటు పడతాయి. క్యాబేజీని తినే డైమండ్ బ్యాక్ మాత్ అనే పురుగు హవాయి పొలాల్లో దానికి లొంగడం లేదని 1990లోనే బయటపడింది.

వేపగింజ: అదే పురుగు 1953లో జావాలో రసాయన మందు డీడీటీకీ లొంగలేదు. ఒకే మందును పదేపదే కొడితే ఏదైనా అంతే.

మిరపచేను: మీ దగ్గర అన్నిటికీ జవాబుంది, తప్పు మాత్రం ఎప్పుడూ రైతుదే! ఎండ కాస్తే మా తప్పు, పురుగు ముదిరితే మా తప్పు. ఆ డబ్బా ఏ రేకుల గోదాములో ఉడికిందో, లోపల బతికున్నదేమైనా మిగిలిందో నాకెలా తెలుస్తుంది? పంట పోతే నష్టం మీరు కడతారా?

వేపగింజ: కోపం దేనికి? తయారీ తేదీ చూసి కొనండి. నాలుగు పురుగులు మిగిలినా ఓర్చుకోండి. చీడపురుగులను తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు బతికుంటేనే రేపు మందు తగ్గుతుంది.

మిరపచేను: ఆ ఓర్పు నాకెందుకు నేర్పుతారు? కాయకు ఒక్క చిల్లుంటే కొనేవాడు పక్కకు నెడతాడు. ఆయనకు చెప్పండి.

వేపగింజ: ఈ మాట మొదటే అని ఉంటే బీటీ గురించి ఇంత రాసేవాడినే కాదు. మీకు చిల్లులేని కాయ కావాలి. ఒక్క బీటీతో అది రాదు.

మిరపచేను: నాకు కాదండీ, కొనేవాడికి.