పొట్టలో బాణం తగిలిన దుప్పి: జూన్ వేడిలో ఎంతసేపు ఆగాలి?

ఫ్రిస్కో నాని:
అన్నలూ, పోయిన శనివారం కెర్‌విల్ దగ్గర ఒక ర్యాంచ్‌లో విల్లుతో నా మొదటి వేట. మన చుక్కల దుప్పే. 1932లో టెక్సస్‌కి తెచ్చిన జంతువు కాబట్టి దీనికి ఇక్కడ సీజన్ అంటూ లేదు, జూన్‌లోనూ వేయొచ్చు. సాయంత్రం ఎనిమిదింటికి కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు)తో వేశాను. తగలగానే వెనక కాళ్లు ఎగరేయలేదు. నడుం పైకి వంచి, మెల్లగా నడుచుకుంటూ సీడర్ పొదల్లోకి పోయింది. బాణం దొరికింది. ఈకల మీద పచ్చటి జిగట, పేడ వాసన. వేడి ఇంకా 31 డిగ్రీలుంది, మాంసం పాడైపోతుందని గంట మాత్రమే ఆగి వెళ్లాను. 80 గజాల్లో అది పడుకున్న చోటు కనిపించింది. ఒత్తుకుపోయిన గడ్డి మీద అరచేయంత నల్లటి నెత్తురు. చేత్తో తాకి చూస్తే వెచ్చగానే ఉంది. నా అలికిడికి అప్పుడే లేచి, పక్క ర్యాంచ్ కంచె కింద దూరి పోయింది. మర్నాడు ఆ ఓనర్‌ని అడిగి మధ్యాహ్నం దాకా వెతికాం. దొరకలేదు. ఎక్కడ తప్పు చేశాను?

పాలమూరోడు:
తమ్మీ, గంటకే పోవుడు తప్పు. పచ్చ జిగట, పేడ వాసన అంటే పేగులల్ల తగిలినట్టు. 8 నుంచి 12 గంటలు ఆగాలె. ఎవ్వరు తరమకుంటే దెబ్బతిన్న జంతువు దగ్గర్లనే పండుకుంటది, ఆడనే పోతది. నువ్వు లేపినవ్, ఇంక దానికి ఆగే పని లేదు. పొట్టల బాణం తాకితే పేగు, కొవ్వు వచ్చి ఆ రంధ్రాన్ని మూసేస్తయ్, నెత్తురు బయటికి కారదు. లేపినంక జాడ దొరుకుడు కష్టం.

లత_ఆస్టిన్:
ఎర్ర మచ్చ నెత్తురో, ఆకు మచ్చో తెలియకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లండి. నెత్తురైతే నురగ వస్తుంది. చివరి చుక్క దగ్గర రిబ్బన్ కట్టకుండా ముందుకు వెళ్లొద్దు.

రాళ్ళదారి:
పాలమూరు అన్నా, మీరు చెప్పే 12 గంటలు విస్కాన్సిన్ నవంబరుకి సరిపోతాయి. అక్కడ రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి. ఇక్కడ జూన్‌లో తెల్లవారుజామున కూడా 21, 22 డిగ్రీలు. పొట్ట చిరిగిన జంతువు ఆ వేడిలో రాత్రంతా పడి ఉంటే ఏం మిగులుతుంది? రెండేళ్ల క్రితం నేనూ పెద్దల మాట విని తెల్లారేదాకా ఆగాను. పొద్దున దొరికింది. తొడలు కొయోట్‌లు తినేశాయి. మిగిలింది కోస్తే వాసనకి దగ్గరికి పోలేకపోయాం. ర్యాంచ్ వాళ్లకి మాత్రం పూర్తి డబ్బు కట్టాను, నెత్తురు చుక్క కారితే చాలు, జంతువు మనదే అని వాళ్ల రూలు. మూడు గంటలు, అంతకు మించి ఆగకూడదు.

పాలమూరోడు:
నల్లటి నెత్తురు అన్నడు, చదివినవా? అంటే కార్జం గూడ తాకింది. కార్జమైతే 4 నుంచి 6 గంటలు. ఎట్ల చూసినా గంట కాదు, మూడు కాదు.

రాళ్ళదారి:
అరచేయంత మరకను బట్టి కార్జమని ఎలా చెప్తారు? పేగుల్లో తగిలినా నెత్తురు నల్లగానే వస్తుంది.

పాలమూరోడు:
పేగుల నెత్తుర్ల నీళ్లు, మేత కలిసి ఉంటయ్. కార్జం నెత్తురు చిక్కగ ఉంటది. నానీ, దాంట్ల మేత తునకలున్నయా?

ఫ్రిస్కో నాని:
గుర్తులేదన్నా. టార్చి వెలుగులో చూశాను.

హ్యూస్టన్ రాజు:
ఇండియాలో అయితే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద లోపలేసేవాళ్లు.

రాళ్ళదారి:
రాజు గారూ, ఇది టెక్సస్. పాలమూరు అన్నా, గాయపడిన వేట జంతువుని వెతక్కుండా వదిలేస్తే, తినగలిగే స్థితిలో ఉంచకపోతే ఇక్కడ చట్టమే ఒప్పుకోదు. రాత్రంతా కుళ్లబెట్టడం కూడా వృథా చేయడమే.

పాలమూరోడు:
ఆ చట్టం ఈడి వేట జంతువులకు. దుప్పి ఎక్సోటిక్, అంటే బయటి దేశంకెల్లి తెచ్చింది, దానికి వర్తించదు. అయినా నీ బాధంత ఫ్రీజర్ గురించే. మాంసం, మాంసం! పొట్టల బాణంతోని అది కంచె అవతల ఎన్ని గంటలు పడి ఉన్నదో ఒక్కసారి ఆలోచించినవా?

రాళ్ళదారి:
నాకు జాలి లేదంటున్నారా? దాన్ని తినకుండా పురుగులపాలు చేయడం కన్నా పెద్ద అవమానం ఏముంది? మా ఇంట్లో ఆకులో మెతుకు వదిలితే అమ్మ ఊరుకునేది కాదు. ప్రాణం తీశాక తినకపోతే ఎందుకు తీసినట్టు?

పాలమూరోడు:
నేను అచ్చంపేట దిక్కు పుట్టినోణ్ని. నల్లమల చెంచుల చేతిల విల్లు చూస్తా పెరిగిన. తినొద్దని నేనెక్కడ అన్న? అది మొదలు ప్రశాంతంగ చావాలె, మాంసం తర్వాత అంటున్న. నానీ, ఒక్క మాట అడుగుత. దూరమెంత? రెండు రోజులైతుంది, నువ్వు చెప్పలే.

ఫ్రిస్కో నాని:
42 గజాలు.

పాలమూరోడు:
అది నిన్ను చూస్తున్నదా?

ఫ్రిస్కో నాని:
తల ఎత్తి ఇటువైపే చూస్తోంది. ఎనిమిదవుతోంది, మూడు రోజుల్లో అదే మొదటి అవకాశం. ప్యాకేజీ డబ్బు కట్టేశాను. వేశాను.

పాలమూరోడు:
నీ బాణం సెకనుకు 280 అడుగులు పోతదనుకుందాం. 42 గజాలంటే 126 అడుగులు, అర సెకను కంటె కొంచెం తక్కువ. తీగ చప్పుడు దానికి నాలుగింతల వేగంతోని ముందే చేరుతది. దుప్పి మామూలుగనే బెదురు జంతువు, చప్పుడుకు కిందికి వంగి తిరుగుతది. నువ్వు గుండెకే గురి పెట్టినా, బాణం చేరేటప్పటికి ఆడ పొట్ట ఉన్నది. నాకు కోపం గంట ఆగినందుకు కాదు తమ్మీ. వెయ్యకుండ ఉండాల్సింది వేసినందుకు.

రాళ్ళదారి:
ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు నానీ. తల ఎత్తి చూస్తున్న దుప్పిని 20 గజాల్లో కూడా నేను వేయను. సాయంత్రం ఆఖరి వెలుగులో అయితే అసలే వేయను. జూన్‌లో వేస్తే తెల్లారగానే వేయాలి, వెతకడానికి పగలు మిగలాలి.

లత_ఆస్టిన్:
జాడ పట్టే కుక్క ఉన్నవాళ్ల నంబరు వేటకి వెళ్లే ముందే ఫోన్లో పెట్టుకోండి. యునైటెడ్ బ్లడ్ ట్రాకర్స్ అనే సంస్థ వాళ్ల దగ్గర రాష్ట్రాలవారీగా జాబితా ఉంటుంది. పిలవాలనుకుంటే మాత్రం మనుషులు ఆ చోటంతా తొక్కకముందే పిలవాలి.

ఫ్రిస్కో నాని:
ఆ గడ్డి మీది మరక కళ్ల ముందు నుంచి పోవడం లేదన్నా. ఇంకోసారి పాతిక గజాలు దాటితే వేయను.

రాళ్ళదారి:
దూరం విషయంలో పాలమూరు అన్న మాటే నాదీ. గంటల విషయంలో మాత్రం కాదు. జూన్‌లో మూడు.

పాలమూరోడు:
ఎనిమిది.