సిస్కో 2960-ఎక్స్ నెట్‌వర్క్ స్విచ్‌లో 52 డిగ్రీలు: అలర్ట్ ఎక్కడ పెట్టాలి?

రాక్_కీపర్:
అందరికీ నమస్కారం. గోడకి బిగించిన 9యూ రాక్ (యూ అంటే రాక్‌లో ఒక అర ఎత్తు), ముందు అద్దం తలుపు. లోపల 48 పోర్టుల పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంట్ ఇచ్చే) సిస్కో 2960-ఎక్స్ స్విచ్‌లు రెండు, స్టాక్‌లో (ఒకే స్విచ్‌లా పనిచేసేలా కలిపి) ఉన్నాయి. గదిలో 31 డిగ్రీలు. ‘షో ఎన్వ్ టెంపరేచర్ స్టేటస్’ కొడితే మొదటిది 52, రెండోది 47 చూపిస్తోంది, స్థితి రెండింటికీ గ్రీనే (మామూలే). డేటాషీట్‌లో 45 డిగ్రీల వరకే అని ఉంది. అంటే ఇప్పటికే హద్దు దాటినట్టా? జాబిక్స్‌లో (పరికరాలను గమనించే సాఫ్ట్‌వేర్) ఏ ఓఐడీ (స్విచ్‌ని ఒక రీడింగ్ అడగడానికి వాడే అంకెల చిరునామా) తీసుకోవాలి, ఎంత దగ్గర అలర్ట్ పెట్టాలి?

పోర్ట్48:
దాటలేదండీ. ఆ 45 స్విచ్ లోపలికి పీల్చుకునే గాలికి పెట్టిన హద్దు. మీరు చూస్తున్న 52 లోపలి సెన్సర్ రీడింగ్. దాన్ని అదే అవుట్‌పుట్‌లో కింద కనిపించే ఎల్లో (హెచ్చరిక), రెడ్ (ప్రమాదం) థ్రెషోల్డ్‌లతోనే, అంటే హద్దులతోనే పోల్చాలి. అవి మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి ఇంకొకరి స్విచ్ అంకెలు తెచ్చి పెట్టుకోవద్దు. గది 31 అన్నారు, కానీ తలుపు మూసిన రాక్‌లో గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. ఒక థర్మామీటర్‌ని స్విచ్ గాలి పీల్చే వైపు అరగంట ఉంచి చూడండి. 45తో పోల్చాల్సింది ఆ అంకెనే.

రెండు స్విచ్‌ల మధ్య 5 డిగ్రీల తేడా ఎందుకో కూడా చూడాలి. ‘షో పవర్ ఇన్‌లైన్’ కొట్టి పీఓఈ లోడ్ దేని మీద ఎక్కువుందో చూడండి. 370 వాట్లు బయటికి ఇచ్చే సప్లై 90 శాతం సామర్థ్యంతో పనిచేసినా, 41 వాట్లు వేడిగా డబ్బాలోనే మిగులుతాయి. లోడ్ సమానంగా ఉంటే ఫ్యాన్‌నో దుమ్మునో అనుమానించాలి.

ట్రాప్_వాకర్:
ఓఐడీల సంగతి. ఉష్ణోగ్రత విలువకు 1.3.6.1.4.1.9.9.13.1.3.1.3, స్థితికి చివరి 3 బదులు 6. స్థితిలో 1 నార్మల్, 2 వార్నింగ్, 3 క్రిటికల్, 4 షట్‌డౌన్. రెండూ తీసుకోండి. స్టాక్‌లో స్విచ్ మారిస్తే ఇండెక్స్ (ఏ సెన్సరో చెప్పే, ఓఐడీ చివరి అంకె) మారొచ్చు, అందుకని ఆ అంకె చేత్తో రాయకుండా, సెన్సర్లను జాబిక్సే వెతుక్కునే డిస్కవరీ రూల్ పెట్టండి. వేరే కంపెనీ స్విచ్‌లకు 1.3.6.1.2.1.99.1.1.1.4 వాడేటప్పుడు స్కేల్ (ఏ కొలతలో ఉందో), ప్రెసిషన్ (దశాంశ స్థానాలు ఎన్నో) కూడా చదవాలి. ప్రెసిషన్ 1 అయితే 485 అంటే 48.5. ఇది మరిచిపోతే అర్ధరాత్రి ఉత్తుత్తి అలర్ట్‌లే.

అలర్ట్‌కి ఒకే అంకె చాలదు. ఒక వారం గ్రాఫ్ చూసి, మధ్యాహ్నపు మామూలు రీడింగ్‌కి 8 డిగ్రీలు పైన మొదటి హెచ్చరిక పెట్టండి. ఎల్లోకి 5 డిగ్రీల ముందు రెండోది. స్థితి 1 కాకపోతే వెంటనే ఫోన్ మోగాలి. 5 నిమిషాల సగటు తీసుకుని, రికవరీని (అలర్ట్ ఆగే అంకెని) 3 డిగ్రీలు కిందకి పెడితే అలర్ట్ ఊగిసలాడదు. ట్రాప్‌లు (స్విచ్ తనంతట తాను పంపే హెచ్చరికలు) కూడా ఆన్ చేయండి, కానీ అవి అందాయో లేదో చూసుకోని యూడీపీ పద్ధతిలో వస్తాయి కాబట్టి పోలింగ్ (జాబిక్స్ పదే పదే అడిగి తెలుసుకోవడం) మానొద్దు.

ఒక జాగ్రత్త: ‘సిస్టమ్ ఎన్వ్ టెంపరేచర్ థ్రెషోల్డ్ ఎల్లో’ కమాండ్‌లో ఇచ్చేది ఉష్ణోగ్రత కాదు, రెడ్‌కీ ఎల్లోకీ మధ్య తేడా. రెడ్ 66 ఉండి 15 ఇస్తే ఎల్లో 51 అవుతుంది.

రాక్_కీపర్:
థాంక్స్ అన్నా. థర్మామీటర్ 40 చూపించింది. తలుపు తీసి ఉంచితే 34కి దిగింది. ఇక తలుపు తీసేయనా?

పోర్ట్48:
తీసేయండి, లేదా జాలీ తలుపు వేయించండి. రెండు స్విచ్‌ల మధ్య 1యూ ఖాళీ వదలండి. స్విచ్ గాలి పీల్చే వైపు కేబుల్ కట్టలు అడ్డం పడకూడదు. పైన ఫ్యాన్ ట్రే పెట్టినా అద్దం మూసి ఉంటే తిరిగిన గాలే తిరుగుతుంది.

ట్రాప్_వాకర్:
మే నెలలో అసలు భయం కరెంట్ పోయినప్పుడే. యూపీఎస్ మీద స్విచ్‌లు నడుస్తూనే ఉంటాయి, ఏసీ ఆగిపోతుంది. అప్పుడు హద్దు దాటేదాకా ఆగకూడదు. యూపీఎస్ బ్యాటరీ మీదకి వెళ్లి, 10 నిమిషాల్లో 3 డిగ్రీలు పెరిగితే అలర్ట్ వచ్చేలా రెండూ కలిపి ఒక ట్రిగ్గర్ (అలర్ట్ షరతు) రాయండి. అవసరం లేని ఐపీ ఫోన్ల పోర్టుల్లో ‘పవర్ ఇన్‌లైన్ నెవర్’ (పీఓఈ ఆపే కమాండ్) ఇస్తే వేడి తగ్గుతుంది, బ్యాటరీ కూడా ఇంకాసేపు వస్తుంది.